భారీ యంత్రాలు: ప్రతికూల వాతావరణంలో భద్రత

నేల తవ్వడానికి, మట్టి మోయడానికి, బరువులెత్తడానికి, పంట కోయడానికి వాడే పెద్ద యంత్రాలను భారీ యంత్రాలంటారు. జేసీబీ, ప్రొక్లెయిన్, డోజర్, గ్రేడర్, టిప్పర్, గనుల్లో తిరిగే డంపర్, రకరకాల క్రేన్లు, వరికోత హార్వెస్టర్ ఈ కోవలోకి వస్తాయి. ఇవి దాదాపు అన్నీ ఆరుబయట పనిచేసేవే కాబట్టి ఎండ, వాన, ఈదురుగాలి, పిడుగు, పొగమంచు వీటికి నిత్యం ఎదురయ్యేవే.

ప్రతి యంత్రానికీ తయారీదారు ఇచ్చిన కొలతలు కొన్ని ఉంటాయి. క్రేన్‌కు లోడ్ చార్టు, టైరుకు టన్ను-కిలోమీటర్ల పరిమితి, బ్రేకులకు ఏ వాలులో ఎంత వేగమో చెప్పే పట్టిక. ఈ అంకెలన్నింటి వెనకా షరతులున్నాయి. నేల గట్టిగా, సమంగా ఉండాలి. గాలి ఒక హద్దు దాటకూడదు. ఉష్ణోగ్రత ఫలానా డిగ్రీల లోపు ఉండాలి. వాతావరణం మారితే ఆ షరతులు తప్పుతాయి, చార్టులోని అంకె మాత్రం అలాగే ఉంటుంది. నిన్న 20 టన్నులు ఎత్తిన క్రేన్‌తో ఇవాళ అంతే ఎత్తబోతే బోల్తా పడవచ్చు. పొద్దున ఇబ్బంది లేని వేగమే సాయంత్రం ఒక జల్లు పడ్డాక ప్రాణం తీయవచ్చు. ప్రమాదం జరిగాక ‘అకస్మాత్తుగా వీచిన గాలి’, ‘భారీ వర్షం’ అని కారణం రాసి చేతులు దులుపుకోవడం పరిపాటి. చాలా ప్రమాదాల్లో ఆ గాలీ వానా ముందే కనబడ్డాయి. ఏ హద్దు దగ్గర పని ఆపాలి, ఆపమనే మాట ఎవరి నోట రావాలి అన్నది తేల్చుకోకపోవడమే వాటిలో అసలు లోపం.

గాలి

గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలవుతుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం లెక్క ఇలా ఉంటుంది: సెకనుకు మీటర్లలో ఉన్న గాలి వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే, చదరపు మీటరు మీద పడే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. గంటకు 36 కి.మీ. గాలి అంటే సెకనుకు 10 మీటర్లు. ఒత్తిడి 60 న్యూటన్లు. అదే 72 కి.మీ.కు చేరితే 240 న్యూటన్లు. 40 అడుగుల కంటైనర్ పక్కభాగం సుమారు 31 చదరపు మీటర్లు ఉంటుంది. 72 కి.మీ. గాలిలో దాని మీద పడే తోపు ముప్పావు టన్ను బరువుకు సమానం. ఈ తోపు పక్కనుంచి వస్తుంది. క్రేన్ పొడవాటి చేతిని, అంటే బూమ్‌ను, కట్టేది నిలువు బరువు మోయడానికి; పక్కతోపుకు అది ఎప్పుడూ బలహీనమే.

అందుకే ఎత్తబోయే సరుకు ఎన్ని టన్నులు అన్నదొక్కటే అడిగితే చాలదు, ఎంత వెడల్పుందో కూడా అడగాలి. రేకుల కట్టలు, షట్టరింగ్ ప్లేట్లు, గోడ ప్యానెళ్లు, గాలిమరల రెక్కలు తూకంలో తక్కువే అయినా గాలిని తెరచాపల్లా పట్టుకుంటాయి. 1999 జూలై 14న అమెరికాలోని మిల్వాకీలో కొత్త బేస్‌బాల్ స్టేడియానికి పైకప్పు వేస్తూ ‘బిగ్ బ్లూ’ అనే క్రేన్ కూలింది. అప్పుడు దాని కొక్కేనికి వందల టన్నుల పైకప్పు ముక్క ఉంది. పక్కన మరో క్రేన్‌కు వేలాడుతున్న బుట్టలోని ముగ్గురు కార్మికులు మరణించారు. బరువు లెక్క వేసుకున్నారు. అంత వెడల్పైన ముక్క మీద గాలి వేసే పక్కతోపును మాత్రం లెక్కలో చేర్చలేదు.

పని లేకుండా నిలబడి ఉన్న క్రేన్ కూడా గాలికి లోకువే. 2015 సెప్టెంబర్ 11న మక్కాలోని మస్జిదుల్ హరామ్ విస్తరణ పనుల్లో ఉన్న పెద్ద క్రాలర్ క్రేన్ ఉరుముల గాలివానకు కూలి వందమందికి పైగా చనిపోయారు. హజ్‌కు లోకమంతా తరలివస్తున్న రోజులవి. పని లేనప్పుడు బూమ్ దించి ఉంచాలన్న తయారీదారు సూచనకు విరుద్ధంగా దాన్ని పైకెత్తి వదిలేశారని సౌదీ ప్రభుత్వ విచారణలో తేలింది.

టవర్ క్రేన్‌ది ఇంకో పద్ధతి. పని ముగించి దిగేటప్పుడు ఆపరేటర్ దాని తిరుగుడు బ్రేకును వదిలేసి రావాలి. అప్పుడు అడ్డచేయి గాలివాలుకు తనంతట తాను తిరిగి, గాలికి తక్కువ అడ్డు చూపిస్తుంది. బండి ఆపితే బ్రేకు వేయాలన్న అలవాటు కొద్దీ బిగించేసి దిగిన క్రేన్ ఈదురుగాలికి అడ్డంగా దొరికిపోతుంది. అడ్డచేతికి కంపెనీ పేరుతో పెద్ద బ్యానర్ కడితే ఈ తిరుగుడు లెక్క మళ్లీ తప్పుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి వేగం పెరుగుతుంది కాబట్టి గాలిమాపకం క్రేన్ కొసన ఉండాలి, కింద సైట్ ఆఫీసు ముందు ఉంటే పనికిరాదు. హైదరాబాద్ పడమటి శివార్లలో ముప్పై, నలభై అంతస్తుల మీద తిరిగే క్రేన్లకు అన్నిటికంటే చెడ్డ కాలం ఏప్రిల్, మే సాయంత్రాలు. పగలంతా ఆకు కదలదు. నాలుగింటికి పడమట మబ్బు లేస్తుంది, పావుగంటలో దుమ్ము, ఆ వెంటనే వడగళ్లు. ఆ పావుగంటలో కొక్కేనికి ఉన్న సరుకు కిందికి దింపి, ఆపరేటర్ నిచ్చెన దిగి రావాలి. కాబట్టి మబ్బు చూసినప్పుడే కొత్త బరువు ఎత్తడం మానాలి.

రేవుల్లో తుపాను గండం వేరే స్థాయిలో ఉంటుంది. భారత రేవుల్లో 1 నుంచి 11 వరకు హెచ్చరిక సంకేతాలు ఎగరేస్తారు. 8, 9, 10 మహాప్రమాద సంకేతాలు. 11 అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని అర్థం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు 180 కి.మీ. దాకా ఉంది. పై సూత్రంలో ఆ అంకె వేస్తే చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, అంటే 36 కి.మీ. గాలికి 25 రెట్లు. పట్టాల మీద నడిచే క్రేన్‌ను అంత గాలిలో చక్రాల బ్రేకులు ఆపలేవు. పట్టాన్ని పట్టుకునే క్లాంపులు బిగించాలి. రేవు కాంక్రీటులో ముందే అమర్చిన గుంటల్లోకి ఉక్కు పిన్నులు దింపాలి, బూమ్ పైకెత్తి గొళ్లెం వేయాలి. ఇవన్నీ చేయకపోతే క్రేన్ గాలికి పట్టాల వెంట కదిలి, వేగం పుంజుకుని, పక్కదాన్ని గుద్ది రెంటినీ కూలుస్తుంది. 2003 సెప్టెంబర్‌లో మెయెమి తుపానుకు దక్షిణ కొరియాలోని బూసాన్ రేవులో పదకొండు కంటైనర్ క్రేన్లు దెబ్బతిన్నాయి. ఒక్కో క్రేన్‌ను దాని స్థానానికి నడిపి కట్టేసరికి చాలా సమయం పడుతుంది. ‘ఈ ఒక్క ఓడ ఖాళీ చేసేద్దాం’ అనే తొందర రేవుల్లో ఎప్పుడూ ఉండేదే. అందుకే కట్టడం ఎప్పుడు మొదలుపెట్టాలో సంకేతం నంబరుతో ముడిపెట్టి ముందే రాసిపెట్టుకుంటారు.

వాన, బురద

తెలుగు నేలపై భారీ యంత్రాలు అత్యంత ఒత్తుగా పనిచేసే చోటు గోదావరి లోయలోని సింగరేణి ఓపెన్‌కాస్టు గనులు. కొత్తగూడెం, మణుగూరు, సత్తుపల్లి, రామగుండం, భూపాలపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్ ప్రాంతాల్లో బొగ్గు మీదున్న మట్టిని, రాతిని అంతస్తులుగా తవ్వి తీస్తారు. ఆ అంతస్తులను బెంచీలంటారు, తీసే మట్టిని ఓబీ అంటారు. 60 టన్నులు, 100 టన్నులు మోసే డంపర్లు ఆ ఓబీని హాల్ రోడ్డనే గని రోడ్డు మీదుగా డంపుకు, అంటే మట్టికుప్పకు చేరవేస్తాయి. నిండు లోడుతో ఉన్న 100 టన్నుల డంపర్ మొత్తం బరువు 160 టన్నుల పైమాటే. దాని టైరు మనిషి కంటే ఎత్తు. ఏటా జూలై, ఆగస్టుల్లో ‘ఓపెన్‌కాస్టుల్లోకి వరద నీరు, నిలిచిన ఉత్పత్తి’ అని జిల్లా పేజీల్లో వచ్చే వార్తకు వెనక ఉన్నది ఈ హాల్ రోడ్డే. గని అడుగున సంపులో చేరిన నీళ్లు మోటార్లతో తోడుకోవచ్చు. బురదెక్కిన రోడ్డు మీద డంపర్‌ను నిలబెట్టడం అంత తేలిక కాదు.

చిన్న లెక్క చూద్దాం. హాల్ రోడ్డు వాలు సాధారణంగా 16కు 1 మించకూడదంటారు. ఆ వాలులో గంటకు 30 కి.మీ. వేగంతో దిగుతున్న డంపర్, పొడి మొరం రోడ్డు మీద టైరు పట్టు గుణకం 0.55 అనుకుంటే, బ్రేకు పడ్డాక 7 మీటర్లలో ఆగుతుంది. బురద తేలి ఆ గుణకం 0.2కు పడిపోతే అదే డంపర్‌కు దాదాపు 26 మీటర్లు కావాలి. ఆపరేటర్ కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపు, ఒకటిన్నర సెకన్లలో, బండి పోయే పన్నెండున్నర మీటర్లు దీనికి అదనం. ఇందులో బ్రేకుల తప్పేమీ లేదు. అవి చక్రాన్ని పట్టి ఆపుతాయి. నేలే టైరును వదిలేస్తుంది. చక్రాలు బిగుసుకుని జారడం మొదలైతే స్టీరింగ్ కూడా చెల్లదు. అందువల్ల తడి వాలులో దిగేటప్పుడు పై నుంచే తక్కువ గేరులో రావడం, ముందు బండికి మామూలుకంటే రెండు మూడింతల దూరం వదలడం, మలుపులో బ్రేకు వేయకపోవడం గని యంత్రాలు నడిపే ఈపీ ఆపరేటర్లకు శిక్షణలో మొదట నేర్పే సంగతులు.

రోడ్డును కాపాడేది గ్రేడర్. వాన వెలిశాక మెత్తబడిన పైపొరను గీసి పక్కకు తోసేసి, గట్టి నేల కనబడ్డాక మొరం పరవాలి. తొందరపడి బురద మీదే పొడిమట్టి పోస్తే పైకి ఆరినట్టు కనబడుతుంది, రెండు ట్రిప్పులకు మళ్లీ ముద్దవుతుంది, ఈసారి ఇంకా లోతుగా. రోడ్డు మధ్య కొంచెం ఎత్తుగా, పక్కకు వాలుగా ఉండాలి. కాలువ పూడిక తీసి ఉండాలి. అంచున మట్టికట్ట ఉండాలి. అమెరికా గనుల నిబంధన ప్రకారం ఆ కట్ట ఎత్తు, ఆ రోడ్డు మీద తిరిగే అతిపెద్ద బండి ఇరుసు మధ్యభాగానికి తగ్గకూడదు. వానకు కట్ట కరిగి కుంగుతుంది కాబట్టి దాన్ని చినుకులు ఆగిన ప్రతిసారీ చూడాల్సిందే.

ఎండాకాలంలో ఎవరూ ఊహించని చోట ఇదే గండం ఎదురవుతుంది. దుమ్ము అణచడానికి నీళ్ల ట్యాంకర్ హాల్ రోడ్డును తడుపుతుంది. నడి మే నెలలో, చినుకు లేని రోజున, డంపర్ జారి కట్ట ఎక్కిందంటే కారణం చాలాసార్లు ఆ ట్యాంకరే. వాలులో రోడ్డంతా ఏకధారగా తడపకుండా, కొంత తడిపి కొంత పొడిగా వదిలే పద్ధతి ఇందుకే వచ్చింది.

డంపు అంచు ఇంకో ప్రాణాంతకమైన చోటు. వాననీరు మట్టి రేణువుల మధ్య చేరి వాటి పట్టును తగ్గిస్తుంది. కుప్ప పైన అంచుకు సమాంతరంగా సన్నని బీటలు కనబడతాయి. వెనక్కి వస్తున్న డంపర్ బరువంతా పడేది వెనక చక్రాల మీద, అదీ ఆ బీటల మీదే. వానల్లో అంచు దాకా వెళ్లి దులపకుండా, చాలా ఇవతలే పోసి డోజర్‌తో తోయించడం సురక్షితం. డంపు అంచున ఉండే కట్ట ఆపరేటర్‌కు ఆనవాలు మాత్రమే, టైరు ఆనించి ఆగడానికి కాదు. పెద్ద గనుల్లో వాలు కదలికలను మిల్లీమీటర్లలో పసిగట్టే రాడార్లు వాడతారు. 2013 ఏప్రిల్ 10న అమెరికాలోని బింగమ్ కాన్యన్ గనిలో కొండంత వాలు విరిగిపడినా ఒక్క ప్రాణమూ పోలేదంటే, అలాంటి పరికరాలు కదలికను ముందే చూపడం, యాజమాన్యం మనుషులను ఖాళీ చేయించడం వల్లనే. కిందున్న యంత్రాలు కొన్ని మట్టిలో కలిసిపోయాయి.

ఎండ

భారత వాతావరణ శాఖ లెక్కలో మైదానాల్లో 45 డిగ్రీలు చేరితే వడగాలి, 47 చేరితే తీవ్ర వడగాలి. రామగుండం, కొత్తగూడెం, భద్రాచలం వైపు మే నెలలో మొదటి హద్దు దాటడం కొత్తేమీ కాదు. ఓపెన్‌కాస్టు అడుగున నల్లని బొగ్గు, చుట్టూ రాతి గోడలు, గాలి ఆడని లోతు. అక్కడి వేడి వాతావరణ కేంద్రం చెప్పే అంకెకు పైనే ఉంటుంది.

యంత్రం వైపు నుంచి చూస్తే మొదట దెబ్బతినేది టైరు. గని డంపర్ల టైర్లకు టన్ను-కిలోమీటర్-గంట అనే పరిమితి ఉంటుంది. ఒక టైరు మీద పడే సగటు బరువును షిఫ్టు సగటు వేగంతో గుణించి ఆ అంకె దాటకుండా చూసుకోవాలి. ఈ పరిమితిని 38 డిగ్రీల ఉష్ణోగ్రతకు లెక్కగడతారు. మే మధ్యాహ్నం 45 డిగ్రీల్లో అదే టైరు అంత పని చేయలేదు. రబ్బరు లోపల పుట్టిన వేడి బయటికి పోయేదారి లేక పొరలు విడిపోతాయి. వేడెక్కి గాలి ఒత్తిడి పెరిగిందని కొందరు గాలి తీసేస్తారు. అది మరీ ప్రమాదం: గాలి తగ్గిన టైరు ఎక్కువగా వంగి ఇంకా వేడెక్కుతుంది. చేయాల్సింది వేగం తగ్గించడం, లేదా లోడు తగ్గించడం.

ఇంజన్‌కు వేడి రేడియేటర్ దగ్గర పట్టుకుంటుంది. బొగ్గుదుమ్ము, నూనె మరకలు కలిసి రేడియేటర్ రెక్కల మధ్య పేరుకుంటే గాలి ఆడదు. షిఫ్టు మొదట్లో లోపలి వైపు నుంచి బయటికి గాలి కొట్టి శుభ్రం చేయాలి; ముందు నుంచి కొడితే దుమ్ము ఇంకా లోపలికి దిగుతుంది. మరిగిన రేడియేటర్ మూత తీయడం వల్ల ముఖం, చేతులు కాలిన మెకానిక్కులు ప్రతి వర్క్‌షాపులో కనబడతారు. మూత కింద నీరు ఒత్తిడి వల్ల 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, మూత కదిలిన క్షణంలో ఆవిరై ఎగజిమ్ముతుంది. ఎండల్లో మరో భయం మంటలు. పాతబడిన హైడ్రాలిక్ గొట్టం చిట్లి నూనె జల్లు టర్బోచార్జర్ మీద పడితే చాలు, క్షణాల్లో అంటుకుంటుంది. డంపర్లకు, షావెళ్లకు మంటను తానే పసిగట్టి ఆర్పే ఏర్పాటు బిగించేది ఇందుకే.

మనిషి సంగతి యంత్రం కంటే ముందు రాయాల్సింది. ఒంట్లో నీరు తగ్గిన ఆపరేటర్ పడిపోయే ముందు చాలాసేపు తప్పుడు నిర్ణయాలు తీసుకుంటాడు. దూరం అంచనా తప్పుతుంది, చిరాకు పెరుగుతుంది, అద్దం చూడటం మరుస్తాడు. క్యాబిన్‌లో ఏసీ పాడైతే తలుపు తీసి నడుపుతారు. దాంతో దుమ్ము, చప్పుడు, జారిపడే ప్రమాదం కూడా చేరతాయి. ఏసీని సుఖం ఖాతాలో రాసి మరమ్మతు వాయిదా వేసే అలవాటు ఇంకా పోలేదు. అది బ్రేకు, స్టీరింగ్ సరసన ఉండాల్సిన భాగం. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే మధ్యరకం, భారీ లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేస్తూ కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. అంతకుముందు కొన్న టిప్పర్లు మరెన్నో ఏళ్లు తిరుగుతూనే ఉంటాయి.

గనుల్లో మజ్జిగ, ఓఆర్‌ఎస్ పంచడం, షిఫ్టు వేళలు ముందుకు జరపడం ఏటా చేసేవే. తక్కువగా పట్టించుకునేది అలవాటు పడే గడువు. సెలవు మీద వెళ్లొచ్చిన వాడికీ కొత్తగా చేరిన వాడికీ ఒళ్లు వేడికి సర్దుకోవడానికి వారం రెండు వారాలు పడుతుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సలహా ప్రకారం కొత్తవారికి మొదటి రోజు ఎండలో పని ఐదో వంతుకు మించకూడదు, ఆపై రోజుకు ఐదో వంతు చొప్పున పెంచాలి. మాట తడబడుతూ, ఒళ్లు పొయ్యిలా కాలుతున్న మనిషిని అంబులెన్స్ కోసం ఎదురు చూస్తూ కూర్చోబెట్టకూడదు. ముందు నీళ్లు పోసి, గాలి విసిరి చల్లబరచాలి, ఆ తర్వాతే ఆస్పత్రి.

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన వేలమందిలో జేసీబీ, క్రేన్ ఆపరేటర్లు, వారికి సైగలు చేసే రిగ్గర్లు ఉన్నారు. అక్కడ చట్టం గడియారం పెట్టింది. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని నిషేధం. ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు పొద్దున పది నుంచి మూడున్నర దాకా. పైగా ఖతర్ 2021లో ఇంకో హద్దు చేర్చింది: వేడి, తేమ, ఎండ, గాలి కలిపి కొలిచే సూచీ 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాల్సిందే. గడియారం కంటే ఇదే మేలైన పద్ధతి. ఆగస్టు రాత్రి సముద్రపు తేమలో పనిచేసేవాడికి గడియారం ఏ రక్షణా ఇవ్వదు.

పిడుగు, కరెంటు తీగ

భారతదేశంలో ఏటా రెండు వేలకు పైగా ప్రాణాలు పిడుగుపాటుకు పోతున్నాయి. మెరుపు మెరిసిన 30 సెకన్లలోపు ఉరుము వినబడితే పిడుగు పది కిలోమీటర్లలోపే పడిందని అర్థం. అప్పుడు పని ఆపి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి మొదలుపెట్టాలి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన ‘దామిని’ యాప్ దగ్గర్లో పడబోయే పిడుగుల గురించి హెచ్చరిస్తుంది. రబ్బరు టైర్లున్నాయి కాబట్టి భయం లేదనుకోవడం ఒట్టి భ్రమ. కాపాడేది చుట్టూ మూసి ఉన్న ఇనుప క్యాబిన్; అద్దాలెత్తి, ఇనుము తాకకుండా లోపల కూర్చోవాలి. రోలర్, పాత ట్రాక్టర్ వంటి తెరిచి ఉన్న బండ్లు ఆ రక్షణ ఇవ్వవు. పేలుడు పదార్థం నింపిన రంధ్రాలున్న బెంచీ అయితే మబ్బు కమ్మగానే నింపడం ఆపి అందర్నీ దూరం పంపేయాలి.

పిడుగు పడినా, బూమ్ లేదా ఎత్తిన డంపర్ బాడీ హైటెన్షన్ తీగకు తగిలినా, కరెంటు టైర్ల గుండా నేలకు దిగుతుంది. తీగకు తగిలినప్పుడు ఆపరేటర్ క్యాబిన్‌లోనే ఉండాలి, కింద ఎవరినీ దగ్గరికి రానీయకూడదు. మంటలు లేచి దిగక తప్పకపోతే బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా, రెండు కాళ్లూ కలిపి దూకి, పాదాలు ఎడం చేయకుండా చిన్న గెంతులతో దూరం పోవాలి. అడుగు వేస్తే రెండు పాదాల మధ్య వోల్టేజీ తేడాయే చంపుతుంది.

అంతా చల్లబడ్డాక వచ్చే ప్రమాదం ఇంకొకటుంది, దీని గురించి చాలామందికి తెలియదు. కరెంటు వేడికి టైరు లోపలి రబ్బరు కాలి వాయువులు పుడతాయి. ఆ ప్రక్రియ పైకేమీ కనబడకుండా గంటల తరబడి సాగి, టైరు బాంబులా పేలవచ్చు. కాబట్టి అలాంటి బండి చుట్టూ 300 మీటర్ల మేర 24 గంటలు ఎవరూ వెళ్లకూడదన్నది గనుల్లో పాటించే కట్టుబాటు. పెద్ద టైర్లలో గాలికి బదులు నైట్రోజన్ నింపితే ఈ ముప్పు తగ్గుతుంది.

పొగమంచు, చలి

డిసెంబర్, జనవరి తెల్లవారుజామున గోదావరి ఒడ్డు గనుల్లో పొగమంచు, బొగ్గు పొగ కలిసి కమ్ముతాయి. మామూలు రోజున కూడా పెద్ద డంపర్ ఆపరేటర్‌కు తన బండి ముందు, కుడిపక్క చాలా మీటర్ల మేర ఏమీ కనబడదు. అక్కడ జీపు నిలబడితే అతనికి తెలియదు. ఎత్తైన కర్రకు జెండా, దీపం కట్టిన తర్వాతే చిన్న బండ్లను హాల్ రోడ్డు మీదికి అనుమతించడం, దగ్గరికొస్తే మోగే పరికరాలు బిగించడం ఇందుకే. రోడ్డు పక్కన మార్కు రాళ్లు కూడా కనబడనంత మంచులో పని ఆపడం తప్ప దారి లేదు.

గడ్డకట్టే చలి తెలుగు నేలకు రాదు కానీ తెలుగువారి పనికి వచ్చింది. కశ్మీర్-లద్దాఖ్ మధ్య జోజిలా సొరంగాన్ని హైదరాబాద్ కేంద్రంగా ఉన్న మేఘా ఇంజనీరింగ్ సంస్థ తవ్వుతోంది. అక్కడ మామూలు డీజిల్ మైనం కట్టి ఫిల్టర్‌లో ఇరుక్కుంటుంది. లద్దాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా పారే శీతాకాలపు డీజిల్‌ను తెచ్చింది. చలికి ఉక్కు పెళుసెక్కుతుంది కాబట్టి క్రేన్ సామర్థ్యాన్ని తగ్గించి లెక్కించాలి, హైడ్రాలిక్ నూనె వేడెక్కే దాకా బరువు ఎత్తకూడదు.

వరదలో యంత్రం

2024 సెప్టెంబర్ 1న ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోతే, ఒక జేసీబీ ఆపరేటర్ యంత్రంతో వెళ్లి వారిని ఒడ్డుకు చేర్చాడు. రాష్ట్రమంతా అతన్ని మెచ్చుకుంది, మెచ్చుకోదగిన పనే. అయితే ఆ దృశ్యం చూసి జేసీబీని పడవ అనుకునేవారు పెరిగారు. ఏడెనిమిది టన్నుల బరువు, ఎత్తైన చట్రం వల్ల కారు కొట్టుకుపోయే ప్రవాహంలో అది కాసేపు నిలబడుతుంది. కానీ నీటి కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో క్యాబిన్ నుంచి తెలియదు. గాలి పీల్చే గొట్టం దాకా నీరొస్తే ఇంజన్ లోపలికి నీరు చేరి, కుదించబడక, కనెక్టింగ్ రాడ్లు వంగి యంత్రం అక్కడే ఆగిపోతుంది. ముందు బకెట్‌లో మనుషులను ఎక్కించడం ఏ మాన్యువల్‌లోనూ లేదు. ప్రాణాపాయంలో చేయక తప్పదంటే బకెట్ తక్కువ ఎత్తులో ఉంచి, నడక వేగంతో, తిరిగి రాగల దారి గుర్తుపెట్టుకుని చేయాలి.

పొలంలో

యంత్ర ప్రమాదాల్లో పత్రికకు ఎక్కనివి పొలాల్లో జరుగుతాయి. దమ్ము చేస్తూ ట్రాక్టర్ దిగబడిపోతుంది. వెనక చక్రాలకు అడ్డంగా దుంగ కట్టి, రేజ్ ఇచ్చి పైకి లాగబోతారు. చక్రం తిరగలేని స్థితిలో ఇంజన్ బలం ఇరుసు చుట్టూ ట్రాక్టర్ ముందుభాగాన్నే పైకి లేపుతుంది. ఒకటిన్నర సెకన్లలో బండి వెనక్కి తిరగబడి డ్రైవర్ దాని కింద పడతాడు. క్లచ్ తొక్కడానికి కూడా వ్యవధి ఉండదు. కేజ్ వీల్స్ ఉన్నప్పుడు పట్టు ఎక్కువ కాబట్టి ఈ ప్రమాదం మరింత ఎక్కువ. ముందుకు రాకపోతే రివర్సులో రావాలి, లేదా ఇంకో ట్రాక్టర్‌తో పొడవాటి తాడు వేసి, తక్కువ ఎత్తులో ఉన్న కొక్కేనికే కట్టి లాగించాలి. నవంబర్ తుపాన్లకు డెల్టాలో వరి పడిపోయినప్పుడు టైర్ల హార్వెస్టర్ దిగలేని మడిలోకి చైన్ మిషన్ దింపుతారు. నేల మీద ఒత్తిడి తక్కువ కాబట్టి అది దిగబడదు. కానీ గట్టు దాటేటప్పుడు నిండు ధాన్యపు ట్యాంకుతో పక్కకు ఒరుగుతుంది. ట్యాంకు ఖాళీ చేసి, గట్టుకు నేరుగా ఎదురుగా ఎక్కించాలి.

ఆపే అధికారం, మళ్లీ మొదలు

భారతదేశంలో బొగ్గు గనులకు 1952 నాటి గనుల చట్టం కింద 2017 బొగ్గు గనుల నిబంధనలు, నిర్మాణ పనులకు 1996 చట్టం, రేవు కార్మికులకు 1986 చట్టం వచ్చాయి. ఇవి, మరికొన్ని కలిపి 2020లో పార్లమెంటు వృత్తి భద్రత స్మృతిని ఆమోదించింది. 2017 నిబంధనలు ప్రతి గనికీ భద్రతా నిర్వహణ ప్రణాళిక కావాలంటాయి. దాని ప్రాణం ‘ఇంతైతే ఇలా’ అనే పట్టిక: ఇన్ని మిల్లీమీటర్ల వాన పడితే వేగం తగ్గింపు, ఇంతకు మించితే డంపర్లు నిలుపుదల, బీట ఇంత వెడల్పైతే కింది బెంచీ ఖాళీ. అంకె ముందే రాసి ఉంటే వానలో నిలబడి వాదులాడే అవసరం ఉండదు.

అయితే డబ్బు లెక్క ఈ పట్టికకు అడ్డం పడుతుంది. ఓబీ తీసే కాంట్రాక్టులు ఘనపు మీటరుకు ఇంత అని ఉంటాయి. క్రేన్లను గంటకు అద్దెకు తెస్తారు. టిప్పర్ డ్రైవర్‌కు ట్రిప్పు లెక్కన ఇస్తే వాన ఆగకముందే బయల్దేరతాడు. వాతావరణం వల్ల నిలిచిన గంటలకు చెల్లింపు ఉందా లేదా అన్నది ఒప్పందంలో చిన్న వాక్యమే కావచ్చు; సైట్‌లో ఎవరు ఎప్పుడు ఆపుతారో చాలామటుకు దాన్ని బట్టే తేలుతుంది. తగిన మాట అందులో లేకపోతే భద్రతాధికారి ఎంత అరిచినా వినేవారుండరు.

మళ్లీ మొదలుపెట్టడానికీ వరుస ఉంది. వాన వెలిశాక ముందు బాధ్యుడు నడిచో, తేలిక బండి మీదో రోడ్డంతా చూస్తాడు. ఆపై గ్రేడర్, తర్వాత ఒక ఖాళీ డంపర్, అది సరిగ్గా దిగి ఎక్కితే లోడు బండ్లు. బ్రేకులను కదిలిన పది మీటర్లలోనే ఒకసారి పరీక్షించాలి, తడిసినవి మొదటిసారి పట్టవు. తుపాను తర్వాత క్రేన్ పట్టాలు, పిన్నులు, బూమ్ అతుకులు చూడకుండా బరువు ఎత్తకూడదు. మునిగిన యంత్రానికి నూనెలన్నీ మార్చిన తర్వాతే తాళం తిప్పాలి. రాత్రి షిఫ్టులో ఏ మలుపు దగ్గర బండి జారిందో, ఏ బెంచీలో ఊట కనబడిందో లాగ్‌బుక్‌లో రాసి, దిగే ఆపరేటర్ ఎక్కే ఆపరేటర్‌కు నోటితో కూడా చెప్పాలి.